వయోమింగ్‌కి ఏడేళ్ళ ప్రయాణం

షాంటిలీలో రఘు అంటే "ఏ రఘు?" అంటారు. ఇండియన్ గ్రోసరీ క్యూలో నిలబడి ఆ పేరుతో పిలిస్తే ముగ్గురు వెనక్కి తిరుగుతారు. అదే "వేటగాడు రఘు" అనండి, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పాపం, ఆ మనిషి జన్మలో వేటాడింది ఒక్క దుప్పిని. అదీ మూడు సీజన్లు వరసగా గురి తప్పి, నాలుగో సీజన్‌లో. కాకపోతే దాని కూర తిన్నవాళ్ళు ముప్ఫైమంది ఉన్నారు. మనవాళ్ళు పేరు పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

రఘుది కొత్తగూడెం. తండ్రి బొగ్గు గనిలో పనిచేశాడు. వంశంలో విల్లు పట్టినవాడు లేడు. పక్కనే హెర్న్‌డన్‌లో ఒక కంపెనీకి డేటాబేస్‌లు చూస్తాడు. వయసు నలభై రెండు, కళ్ళద్దాలు, కాస్త పొట్ట. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే రకం. అలాంటివాడికి దేశానికి అటువైపున్న వయోమింగ్ కొండల్లో ఎల్క్‌ని వేటాడాలన్న పిచ్చి పట్టిందంటే ఊరికే పట్టలేదు.

ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న అనుకోండి. గుర్రమంత ఒళ్ళు, తల మీద ఎండిన చెట్టు పెట్టుకున్నట్టు కొమ్ములు. సెప్టెంబరు వచ్చిందంటే మగ ఎల్క్ తోడు కోసం అరుస్తుంది. అరుపంటే గాండ్రింపు అనుకునేరు, కాదు. అంత పెద్ద గొంతులోంచి సన్నటి ఈల వస్తుంది. కింద మొదలై పైపైకి పోయి, అక్కడ తెగినట్టు ఆగి, చివర్లో రెండు మూడు ఎక్కిళ్ళు. తర్వాత జవాబు కోసం చెవులు రిక్కించి నిలబడుతుంది.

ఆ అరుపు రఘు మొదటిసారి విన్నది ఆఫీసు సర్వర్ రూమ్‌లో. ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆ రోజు ఏసీ చెడిపోతే బిల్డింగ్‌లో కరెంటూ ఏసీలూ చూసే గ్లెన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, షెనాండోవా కొండల కింద పుట్టి పెరిగినవాడు, ఎంత అవసరమో అంతే మాట్లాడతాడు. పార్ట్ వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆరు రోజుల ముందు రఘు భార్య చంద్రికకి నాలుగో నెలలో కడుపు పోయింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు, ఆ అయ్యోకి తను ఏదో జవాబు చెప్పాలి, అందుకని.

గ్లెన్ ఏమీ అడగలేదు. ఫోన్ తీసి తను ఎప్పుడో వయోమింగ్‌లో తీసుకున్న వీడియో చూపించాడు. అందులో జంతువు కనిపించనే కనిపించదు. పొగమంచు, పచ్చబడ్డ చెట్లు, ఎక్కణ్ణుంచో ఆ అరుపు. రఘుకి పనిరోజున, మధ్యాహ్నం మూడింటికి, ఆఫీసులో ఏడుపొచ్చింది. తను ఎవరికీ చెప్పుకోలేనిదంతా ఎవరో కొండెక్కి అరుస్తున్నట్టు అనిపించింది. గ్లెన్ ఫోన్ జేబులో పెట్టుకుని, "అది అక్కడ నిలబడి వింటే వేరేగా ఉంటుంది. ఎప్పుడైనా తీసుకెళ్తాను" అన్నాడు.

తీసుకెళ్తాననడం తేలికే, వెళ్ళడమే కష్టం. బయటి రాష్ట్రం వాళ్ళు ఎల్క్‌ని వేటాడాలంటే ముందు లాటరీలో పేరు రావాలి. వస్తే ట్యాగ్ అని ఒక అనుమతి కాగితం ఇస్తారు. రాకపోతే ఆ ఏటికి ఒక పాయింట్ ఇస్తారు. పాయింట్లు పెరిగేకొద్దీ పేరొచ్చే అవకాశం పెరుగుతుంది. ట్యాగ్ చేతికొచ్చిందా, పాయింట్లన్నీ సున్నా. ఆ ఏడు కొండకి వెళ్ళినా అంతే, మానుకున్నా అంతే.

గ్లెన్‌తో కలిపి దరఖాస్తు పెట్టాడు రఘు. మొదటి ఏడు రాలేదు. రెండో ఏడూ రాలేదు. ఆ రెండో ఏడే చంద్రికకి రెండోసారి కడుపు పోయింది. ఆ తర్వాత అన్నీ క్లినిక్‌లూ, ఇంజెక్షన్లూ, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన మందుల డబ్బాలూ.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మూడు క్యూల్లో నిలబడి ఉన్నారు. గ్రీన్ కార్డ్ క్యూ కదిలేది కాదు. పిల్లల క్యూలో ప్రతిసారీ మళ్ళీ మొదట్నించి నిలబడాలి. ఎన్నేళ్ళు నిలబడ్డారో అక్కడ ఎవరూ రాసుకోరు. ఈ ఎల్క్ క్యూ ఒక్కటే నిజాయితీగా నడిచేది. "ఈ సంవత్సరం మీ పేరు రాలేదు" అన్న ఈమెయిల్ కిందే "మీకు ఇప్పుడు మూడు పాయింట్లు" అని ఉండేది. ఓడిపోయి వచ్చినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపే చోటు రఘుకి లోకంలో అదొక్కటే కనిపించింది. ఆ ఈమెయిల్‌ని తీసేయకుండా దాచుకునేవాడు.

ఇక సన్నాహాలు చూడాలి! వీసా మీద ఉన్నవాడికి తుపాకీ గొడవలెందుకని విల్లు కొన్నాడు. గరాజ్‌లో పాత దిండ్లు కట్ట కట్టి గురి చూసేవాడు. వీపు మీద బరువుతో కొండెక్కడం అలవాటు కావాలని బ్యాగ్‌లో ఇరవై పౌండ్ల సోనా మసూరీ బస్తాలు రెండు వేసుకుని శనివారాలు షెనాండోవా ఎక్కేవాడు. దారిలో ఎదురైన తెల్లవాళ్ళు బ్యాగ్ బరువు చూసి "ఎన్నిరోజుల ట్రిప్?" అని అడిగితే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోతానని చెప్పడానికి సిగ్గుపడేవాడు. ఆ బియ్యం మళ్ళీ ఇంటికొచ్చి అన్నమయ్యేది. "కొండలన్నీ తిరిగొచ్చిన బియ్యం కదా, రుచే వేరు" అని వడ్డించేది చంద్రిక.

ఎల్క్‌ని పిలవడానికి నోట్లో పెట్టుకునే చిన్న రబ్బరు పీక ఉంటుంది. దాన్ని ఆఫీసుకి వెళ్తూ కార్‌లో సాధన చేసేవాడు. సిగ్నల్ దగ్గర పక్క కార్‌లో వాళ్ళు అద్దాలు ఎక్కించుకునేవాళ్ళు. ఇంట్లో ఊదితే చంద్రిక వంటింట్లోంచి, "రఘూ, ఆ జంతువు నిజంగా అలాగే అరిస్తే దానికి పెళ్ళి కావడం కష్టం" అనేది. ఆమెది భీమవరం, మాట ఊరికే పోనివ్వదు. ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో సైంటిస్ట్. మొగుడి పిచ్చిని ఎగతాళి చేసేది గానీ మ్యాప్‌లు ప్రింట్ తీసి, తడవకుండా కవర్లలో పెట్టి ఇచ్చింది ఆమే.

ఈ ఏడు మే నెలాఖరులో ఈమెయిల్ వచ్చింది. ఏడు పాయింట్లూ సున్నా అయ్యాయి. ట్యాగ్ వచ్చింది.

గ్లెన్‌కి ఫోన్ చేశాడు. ఆయనకి ఇప్పుడు డెబ్బై ఒకటి. రిటైరై షెనాండోవా కింద లూరే అనే ఊళ్ళో ఉంటున్నాడు. ఒక మోకాలు మార్పించుకున్నాడు, రెండోది రేపో మాపో. "రఘూ, నాకిదే ఆఖరుది. ఇద్దరం వెళ్దాం" అన్నాడు. సెప్టెంబరు పదిన పొద్దున్నే బయల్దేరాలి, గ్లెన్ ట్రక్‌లో రెండున్నర రోజుల ప్రయాణం. రఘు ఆఫీసులో సెలవు పెట్టేశాడు.

మూడు వారాలు తిరగకుండానే, జూన్ మధ్యలో ఒక ఆదివారం, చంద్రిక బాత్రూమ్‌లోంచి వచ్చి మంచం మీద కూర్చుంది. చేతిలో రెండు గీతలు తేలిన ఆ తెల్ల పుల్ల. క్లినిక్ లేదు, ఇంజెక్షన్ లేదు, ఈసారి దానంతటదే. ఆమెకి ముప్ఫైతొమ్మిది. ఇద్దరూ సంతోషపడటానికి భయపడి, టీ పెట్టుకుని, గ్రోసరీ లిస్ట్ గురించి మాట్లాడుకున్నారు. మూడో నెల నిండేదాకా పురుగుక్కూడా చెప్పొద్దని మాత్రం ఒట్టేసుకున్నారు. పోయిన రెండుసార్లూ ఊరంతా చెప్పి, మళ్ళీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లేదని చెప్పిన పని ఇక చేయలేరు.

ఆ మాట ఆగస్టు మొదటి శనివారం దాకా నిలబడింది. ఆ రోజు హెర్న్‌డన్‌లో రామమోహన్, వసుమతి కొత్తింటి గృహప్రవేశం. పదేళ్ళుగా పండగకీ పబ్బానికీ కలిసి తింటున్న స్నేహితులు. గడప ముందు గుమ్మడికాయ కొట్టే వేళయింది. డ్రైవ్‌వే మీద మరక పడితే కాలనీ రూల్స్ చూసే హెచ్‌ఓఏ వాళ్ళు ఉత్తరం పంపుతారని నల్ల చెత్త సంచులు చింపి పరిచారు. కాయ మీద కర్పూరం తిప్పి, "ఎవరు కొడతారండీ?" అన్నారు పంతులుగారు.

"ఇంకెవరండీ, మా వేటగాడున్నాడుగా!" రామమోహన్ రఘు భుజం పట్టుకుని ముందుకి లాగాడు. "రారా! వచ్చే నెల ఎల్క్‌నే పడగొట్టబోతున్నావ్, ఇదెంత నీకు?"

అందరూ చప్పట్లు. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. రఘు వంగి బూడిద గుమ్మడికాయని రెండు చేతులా ఎత్తాడు. తల పైదాకా ఎత్తాడు. అక్కడ ఆగిపోయాడు.

మీకు తెలియంది కాదు. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు కొబ్బరికాయ కొట్టడు, గుమ్మడికాయ పగలగొట్టడు, ప్రాణి జోలికి పోడు. ఇది రఘుకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అతనికి ఇలాంటివాటి మీద నమ్మకముందో లేదో అతనికే తెలియదు. మెట్ల మీద పళ్ళెం పట్టుకుని నిలబడ్డ చంద్రిక వైపు చూశాడు. ఆమెకి విషయం అర్థమైంది. కొట్టకపోతే గుట్టు బయటపడుతుంది. కొట్టెయ్యమని చిన్నగా తలూపింది. అయినా చేతులు కిందికి రాలేదు. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కాయని నెమ్మదిగా దింపి చెత్త సంచి మీద పెట్టాడు.

"ఏరా, బరువా?" అన్నాడు రామమోహన్.

"నేను కొట్టకూడదు" అన్నాడు రఘు.

కొట్టలేను అన్నా సరిపోయేది. చెయ్యి నొప్పి అన్నా సరిపోయేది. కొట్టకూడదు అన్నాడు మహానుభావుడు!  వెంటనే వసుమతి "చంద్రికా!" అని కేకేసి మెట్లెక్కింది. ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ మూగారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది, ఇంకొకామె గబగబా లోపలికెళ్ళి స్వీట్ తెచ్చి నోట్లో పెట్టింది. రామమోహన్ స్నేహితుణ్ణి గట్టిగా పట్టుకుని వదల్లేదు. చివరికి గుమ్మడికాయ ఎవరు కొట్టారో కూడా ఎవరూ చూడలేదు.

తిరిగొస్తుంటే కార్‌లో చంద్రిక, "నేను తలూపాను కదా" అంది.

"చూసిన."

"మరి?"

"చేతులు రాలే చంద్రికా."

"అయితే సెప్టెంబర్ సంగతేంటి?"

"పోను."

"నేను వెళ్ళొద్దనట్లేదు రఘూ. ల్యాబ్‌లో వారానికి ఇరవై ఎలుకల్ని చంపుతున్నాను నేను. కడుపుతో ఉన్న నాకు లేని పట్టింపు నీకెందుకు?"

"నీకేం లేదు. ఆ నియమం నాకొక్కడికే."

చంద్రిక నవ్వాపుకోలేకపోయింది. రఘు కూడా నవ్వుతూ తిప్పాల్సిన ఎగ్జిట్ దాటేసి రెండు మైళ్ళు ముందుకెళ్ళిపోయాడు. ఏడేళ్ళు ఎదురుచూసిన ట్యాగ్ చేజారిపోతుంటే మనిషన్నవాడు ఏడవాలి. అతనికేమో గర్వంగా ఉంది. తండ్రి కాబోయేవాడికి మాత్రమే ఉండే అడ్డు అది. పోయిన రెండుసార్లూ ఆ అడ్డు పడే సందర్భమే రాలేదు. పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి అది తనని ఆపింది.

మర్నాడే లూరే వెళ్ళి గ్లెన్‌తో చెప్పాడు. ఆయన వరండాలో బాణాల మొనలు పదును పెడుతున్నాడు. అంతా విని, "నాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ కడుపులో ఉన్నప్పుడు వేటకెళ్ళాను. వాళ్ళకేం కాలేదు" అన్నాడు. చేతిలో మొన పక్కన పెట్టి, "కానీ మీ పద్ధతి మీది. నాకు ఎప్పుడో తెలిసుంటే మూడు మంచి సీజన్లు ఇంట్లో కూర్చుని మా ఆవిడ దగ్గర మార్కులు కొట్టేసేవాణ్ణి" అన్నాడు. ట్యాగ్ గురించి గానీ, ఆఖరు ఏడు గురించి గానీ ఒక్క మాట ఎత్తలేదు. ఒక్కణ్ణే వెళ్తాననీ, మోకాలు ఎంత దూరం తీసుకెళ్తే అంత దూరం వెళ్తాననీ చెప్పాడు.

అయితే కోరిక చచ్చిందనుకుంటున్నారా? ఆ వారమంతా రఘు పొద్దున్నే లేచి, చంద్రిక లేవకముందే ల్యాప్‌టాప్‌లో ఆ కొండల మ్యాప్ తెరిచేవాడు. ఏ వాలులో నీళ్ళున్నాయో, ఏ గట్టు వెనక పొద్దుటి గాలి ఎటు వీస్తుందో అతనికి షాంటిలీ వీధులకన్నా బాగా తెలుసు. గ్లెన్ ఎక్కడ టెంట్ వేస్తాడో చూసుకునేవాడు. అక్కణ్ణుంచి గంట నడిస్తే చిన్న మైదానం. ఆ అంచున నిలబడితే అరుపు వినిపిస్తుంది. నిలబడాలని ఉంది. ఒళ్ళంతా ఉంది. వచ్చే మార్చికి పుట్టే బిడ్డ కూడా కావాలి. రెండూ ఒకే మనిషిలో, ఒకే పొద్దున, ఒకదాన్నొకటి తోసుకోకుండా ఎలా ఉన్నాయో అతనికే ఆశ్చర్యం.

పన్నెండో వారం స్కాన్‌లో గుండె చప్పుడు లేదు.

డాక్టర్ చెప్పాల్సింది చెప్పింది. చంద్రిక అడగాల్సినవి అడిగింది, సైంటిస్ట్‌లాగే. రఘు గోడ మీద బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మొదలైంది అసలు పని. గృహప్రవేశంలో ఉన్న అరవైమందికీ తెలుసు. ఆ అరవైమంది చెప్పినవాళ్ళకీ తెలుసు. కొందరికి ఫోన్ చేశారు, కొందరికి మెసేజ్ పెట్టారు. వసుమతి రసం, అన్నం తెచ్చి పెట్టి, మాట్లాడకుండా గిన్నెలు కడిగి వెళ్ళింది. ఒకావిడ మాత్రం ఫోన్‌లో, "మూడు నెలలు నిండకముందే బయటపెట్టుకోకుండా ఉండాల్సింది" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, రఘు విన్నాడు.

"నావల్లే" అన్నాడు ఫోన్ పెట్టేశాక. "ఆ కాయ కొట్టి ఉంటే..."

"కొట్టి ఉంటే, కొట్టినందుకే పోయిందనేవాడివి" అంది చంద్రిక. "క్రోమోజోముల సంగతి రఘూ ఇది. గుమ్మడికాయల సంగతి కాదు. ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను."

ఆమె ఏడవలేదు. నాలుగోరోజుకి ల్యాబ్‌కి వెళ్ళిపోయింది. ఇల్లంతా సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఆగస్టు నెలాఖరులో ఒక సాయంత్రం రఘు బట్టలు మడతపెడుతుంటే పక్క గదిలో ఆమె ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. "అవును గ్లెన్. అతను రావచ్చు. ఇప్పుడు అడ్డేం లేదు."

రఘు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఎంత మామూలుగా అంది! వాతావరణం చెప్పినట్టు చెప్పింది. ఆ గదిలోకి వెళ్ళి, "నాకు పోవాలని లేదు" అన్నాడు.

"వెళ్ళాలి. ఏడేళ్ళు. ఆయనకి ఇదే ఆఖరు. నువ్విక్కడుండి రోజూ నా మొహం చూస్తూ కూర్చుంటే నాకేం మేలు? ఒక్కటైనా మనం అనుకున్నట్టు జరగనీ" అంది. ఆ ఆఖరి మాటకి రఘు సరేనన్నాడు.

సామాను ఆమే సర్దింది. ఉన్ని సాక్సులు, గ్లౌజులు, మ్యాప్‌లు. పదో తారీకు పొద్దున ఆరింటికి గ్లెన్ ట్రక్ వచ్చి వీధిలో ఆగింది. ఆయన దిగబోతూ, ఇద్దర్నీ చూసి, మళ్ళీ లోపలే కూర్చున్నాడు. చంద్రిక పులిహోర డబ్బా, కారప్పొడి సీసా రఘు చేతిలో పెట్టింది. గ్లెన్‌కి కారం లేకుండా వేరే డబ్బా చేసింది.

"దొరికితే కొట్టు. నా గురించి ఆలోచించి వదిలెయ్యకు" అంది. "వెళ్ళు, ఆయన వెయిట్ చేస్తున్నాడు."

రఘు భుజానికి బ్యాగ్ తగిలించుకున్నాడు. రెండడుగులు వేశాడు. వెనక్కి తిరిగాడు.

"ఒక్కసారి వద్దను."

"ఏంటి?"

"నన్ను పోవద్దని అను. ఊరికే, మాటవరసకే. నువ్వన్నా సరే, నేను పోత. కానీ ఇట్ల, ఏ అడ్డు లేకుండ పోవాలంటే నావల్ల అయితలేదు చంద్రికా."

"పిచ్చా నీకు? ట్రక్ ఎక్కు."

"ఒక్కసారి."

చంద్రిక నవ్వబోయింది. అలిగిన పిల్లాడి మాట చెల్లించేసినట్టు, చేతులు కట్టుకుని, "సరే. వెళ్ళొద్దు" అంది. అన్నాక ఆ మాట నోట్లోనే ఉండిపోయినట్టు అలా నిలబడింది. "వెళ్ళొద్దు" అంది మళ్ళీ, ఈసారి నవ్వకుండా. చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకుంది. "వెళ్ళొద్దు రఘూ. నేనొక్కదాన్నీ ఈ ఇంట్లో ఉండలేను. వెళ్ళొద్దు."

మూడు వారాలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. డ్రైవ్‌వే మీద, తెల్లారి ఆరింటికి, కుక్కల్ని తిప్పుతున్న పక్కింటివాళ్ళు చూస్తుండగా గొంతెత్తి ఏడ్చింది. రఘు బ్యాగ్ కింద పడేసి ఆమెని పట్టుకున్నాడు. అతనూ ఏడ్చాడు.

ట్రక్‌లో గ్లెన్ ఇంజన్ ఆపేశాడు.